మొండి పసుపు

ఆ వీధిలో ఆయన అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు. ముప్పయ్యేళ్ళుగా స్టూడియో స్టూలు మీద కూర్చున్న ప్రతి మనిషితోనూ "గడ్డం కాస్తెత్తండి" అంటూ వచ్చినందుకు, కాస్తెత్తు మాస్టారు అన్న పేరే స్థిరపడిపోయింది. పెద్దలకి కాస్తెత్తండి, పిల్లలకి కాస్తెత్తమ్మా, పెళ్ళానికి కాస్తెత్తు. గుర్తింపు కార్డు ఫొటోకి వచ్చిన పోలీసు ఇన్‌స్పెక్టరు గడ్డాన్ని కూడా రెండు వేళ్ళతో పట్టుకుని పైకెత్తిన ఘనుడాయన. వెలుగు విషయంలో ఆయనకి చిన్నా పెద్దా లేదు.

మాస్టారికి ఇంకో అలవాటు ఉండేది. సోమవారం పొద్దున స్టూడియోకి ఎవరూ రారు. ఆ పూట కంప్యూటరు ముందు కూర్చుని, తన ఫొటోలు ఎవరెవరు ఎత్తుకెళ్ళి వాడుకుంటున్నారో ఇంటర్నెట్‌లో వెతుక్కునేవాడు. ఒక ఫొటో పెడితే, అదే ఫొటో ప్రపంచంలో ఏ మూలనున్నా చూపించే సదుపాయం ఉంది కదా, దాంతో. తప్పిపోయిన మేకల్ని వెతుక్కునేవాడికి ఉండే ఓపిక ఆయనకి ఉండేది. దొరికినవాళ్ళందరికీ ఉత్తరాలు రాసేవాడు. ఒకసారి ఒక మండపాల కంపెనీకి "అయ్యా, మీ వెబ్‌సైటు మొదటి పేజీలో ఉన్న పెళ్ళికూతురు నాది" అని రాస్తే, "అలాగా, మరి పెళ్ళికొడుకు ఒప్పుకున్నాడా?" అని జవాబొచ్చింది. మాస్టారి భార్య ఆ జవాబు చదివి, నవ్వలేక కడుపు పట్టుకుని నేలమీద కూలబడింది. ఆ తర్వాత నుంచి ఉత్తరాలు రాసే పని కూతురు తీసుకుంది. ఆ పిల్ల రాసిన ఉత్తరం వెళ్ళిందంటే వారంలో ఫొటో దిగిపోయేది.

భార్య పోయి పద్నాలుగు నెలలైంది. ఆ సోమవారాలు కూడా ఆవిడతోనే పోయాయి. ఎవడు ఏది ఎత్తుకెళ్ళినా మాస్టారు పట్టించుకోవడం మానేశాడు.

కూతురు అప్పట్లో వేరే ఊళ్ళో చదువుకుంటూ ఉండేది. తల్లి పోయాక తిరిగొచ్చి, రెండు వీధుల అవతల ఉన్న రక్తపరీక్షల కేంద్రంలో ఉద్యోగంలో చేరింది. ఒక సోమవారం మధ్యాహ్నం, భోజనం వేళకి పైన ఇంట్లోకి వెళ్ళకుండా నేరుగా కింద స్టూడియోలోకి వచ్చింది. తెల్లకోటు కూడా విప్పలేదు.

"నాన్నా, నీకొకటి చూపించాలి. ముందు కూర్చో."

"కూర్చునే ఉన్నానుగా."

"అయితే లేవకు."

ఫోను తెచ్చి ఆయన ముందు పెట్టింది.

అదొక మూలికల పొడి ప్రకటన. రెండు ఫొటోలు పక్కపక్కన ఉన్నాయి. ఎడమవైపు ముఖం పసుపుపచ్చగా, కళ్ళు కూడా పసుపుగా ఉన్నాయి. దాని మీద 'ముందు' అని రాసుంది. కుడివైపు అదే ముఖం నిగనిగలాడుతూ, కళ్ళు తెల్లగా ఉన్నాయి. దాని మీద 'మూడు నెలల తర్వాత' అని ఉంది. రెండిట్లోనూ ఆవిడ గడ్డం కింద రెండు చేతులతో ఒక గుండ్రటి డబ్బా పట్టుకునుంది. కింద 'ఒక గృహిణి' అన్న సంతకంతో, "డాక్టర్లు చేతులెత్తేశారు, ఈ పొడే నన్ను నిలబెట్టింది" అన్న మాటలున్నాయి. నిలబెట్టిందట! అచ్చువేసిన చేతులు పడిపోను, ఆ మనిషి పోయి ఏడాది దాటింది. పోయింది కూడా ఆ కాలేయం జబ్బుతోనే.

అది మాస్టారి భార్య ఫొటో.

"దీన్ని ఎక్కడ చూశావు?" అన్నాడు మాస్టారు.

"పేషెంటు చూపించింది. దర్జీ పని చేస్తుందావిడ. ఆవిడక్కూడా అమ్మకొచ్చిన జబ్బే, కాకపోతే మొదట్లోనే దొరికింది. మందులు వేసుకుంటే చాలని డాక్టరు చెప్పాడు. ఇవాళ రక్తం ఇవ్వాల్సింది. ఇవ్వనంది. ఈ ఫొటో చూపించి, 'ఈవిడకి తగ్గింది కదమ్మాయ్, నేనూ ఈ పొడే వాడతా, ఈ సూదులు నా వల్ల కాదు' అంది."

"నువ్వేమన్నావు?"

"ఈవిడ మా అమ్మండీ అన్నాను." కూతురు కళ్ళు ఒత్తుకుంది. "ఆవిడ ఎంత సంతోషపడిందో తెలుసా నాన్నా? 'అలాగా తల్లీ! ఇప్పుడెలా ఉన్నారు?' అని అడిగింది."

మాస్టారు ఫోను బోర్లా పెట్టేశాడు.

"చనిపోయిందని చెప్పాను. అయినా నమ్మడం లేదు. 'పసుపైతే పోయింది కదా, తర్వాత ఇంకేదో జబ్బు చేసుంటుందిలే' అంటోంది. గురువారం పాత రిపోర్టు కోసం వస్తుంది. అసలు ఫొటో తెచ్చి చూపిస్తానని మాటిచ్చాను. కుడిపక్కది మన గోడ మీదున్న ఫొటోనే కదా నాన్నా? ఆ ఎడమపక్కది వాళ్ళే పసుపు పూసి తయారుచేసుంటారు, అంతేనా?"

జవాబు చెప్పడానికి మాస్టారికి ఒక్క క్షణం కూడా పట్టలేదు. అబద్ధానికి ఉన్న సుఖమే అది, నాలుక చివరే ఉంటుంది.

"అవునమ్మా. వాళ్ళే పూసుంటారు."

"దొంగవెధవలు," అంది కూతురు. "అసలు ఫైలు తీసివ్వు. ఫిర్యాదు ఈ పూటే రాసేస్తాను."

"వెతకాలమ్మా. పాత డిస్కులో ఎక్కడో ఉండాలి."

కూతురు వింతగా చూసింది. ఇరవయ్యేళ్ళ కిందటి బడిపిల్లల గ్రూపు ఫొటో అడిగినా టీ చల్లారేలోపు తీసిచ్చే మనిషి. తల్లి ఫొటో అనేసరికి చేతులు ఆడటం లేదేమో అనుకుని, ఇంకేమీ అడగకుండా తండ్రి భుజం నిమిరి వెళ్ళిపోయింది. ఆ నిమరడం మాస్టారికి చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

ఫైలు ఎక్కడుందో ఆయనకి కళ్ళు మూసుకున్నా తెలుసు.

స్టూడియో పనిలో ఒక పద్ధతుంది. వచ్చినవాళ్ళు స్టూలు ఎక్కకముందే లైట్లు సరిచూసుకోవాలి. అందుకు ఎవరో ఒకరు అక్కడ కూర్చుని, గడ్డం కింద బూడిదరంగు అట్ట పట్టుకోవాలి. ఫొటోలో ఆ అట్ట బూడిదరంగులోనే వస్తే వెలుగు సరిగా ఉన్నట్టు. నీలంగానో పసుపుగానో వస్తే ఆ మేరకు రంగు తగ్గించుకోవాలి. ఇరవైఆరేళ్ళపాటు ఆ అట్ట పట్టుకున్నది మాస్టారి భార్య. పైనున్న వంటింట్లోంచి తడిచేతులు తుడుచుకుంటూ మెట్లు దిగొచ్చి, స్టూలు మీద కూర్చుని, "కానివ్వండి, అవతల పాలు పొంగుతాయి" అనేది. ఊరందరికీ ముస్తాబు చేసి ఫొటోలు తీసిన మనిషి, సొంత భార్యకి పనిగట్టుకుని ఒక్క ఫొటో తీయలేదు. ఆవిడవి వేలకొద్దీ ఫొటోలున్నాయి, అన్నీ అట్ట పట్టుకున్నవే. అట్ట కనబడకుండా కింద కత్తిరించిన ఫొటో ఒకటే ఇప్పుడు గోడ మీదుంది.

రెండేళ్ళ పైమాట. ఒక వానాకాలం పొద్దున ఆవిడ ముఖంలో పసుపు కనబడింది. అట్ట మాత్రం నిక్షేపంగా బూడిదరంగులోనే ఉంది. అట్ట సరిగా ఉండి ముఖం పసుపుగా ఉందంటే, పసుపు ముఖంలోనే ఉన్నట్టు. నిన్నగాక మొన్న కెమెరా పట్టినవాడైనా చెబుతాడీ మాట. ముప్పయ్యేళ్ళ అనుభవం ఉన్నవాడు కాబట్టి మాస్టారు అట్టని అనుమానించాడు. పాతబడి రంగు మారిందనుకుని కొత్త అట్ట తెచ్చాడు. పసుపు పోలేదు. బల్బులు మార్చాడు. పోలేదు. పక్కగోడ రంగు ముఖం మీద పడుతోందని, గోడకి తెల్లసున్నం కొట్టించాడు. అయినా పోలేదు. కామెర్లు వచ్చినవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందంటారు. ఇక్కడ కామెర్లు ఆవిడవి, లోకాన్ని అనుమానించింది ఆయన.

"అట్ట మార్చారు, బల్బులు మార్చారు, గోడ మార్చారు," అంది ఆవిడ స్టూలు మీద కూర్చుని. "ఇక మిగిలింది నేనేగా. నన్నెప్పుడు మారుస్తారు?"

మాస్టారు కూడా నవ్వాడు. నవ్వి, "గడ్డం కాస్తెత్తు" అన్నాడు.

ఆ మధ్యాహ్నం కంప్యూటరు ముందు కూర్చుని ఆ ఫొటోలోంచి పసుపుని తీసేశాడు. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు, చెంపల్లోంచి, నుదుటి మీంచి, పెదాల చుట్టూ, ఓపిగ్గా. కళ్ళల్లో తెల్లగుడ్డు తెల్లగా చేశాడు. అయిపోయాక చూసుకుంటే పదేళ్ళు వెనక్కి వెళ్ళినట్టుంది మనిషి. ఆ ముచ్చటలో ఎడమవైపు అసలుదీ కుడివైపు దిద్దిందీ పెట్టి, ఫొటోగ్రాఫర్లందరూ ఉండే వెబ్‌సైటులో పాఠం రాశాడు. 'మొండి పసుపు పోవాలంటే' అని దానికి పేరు. లైటూ అట్టా గోడా అన్నీ సరిగా ఉన్నా ముఖంలో పసుపు పోకపోతే ఏంచేయాలో వరసగా వివరించాడు. ఆయన జీవితంలో అంత పేరొచ్చిన పని ఇంకోటి లేదు. "మీ చేతిలో మంత్రముంది మాస్టారూ" అని ఎక్కడెక్కడి వాళ్ళో రాశారు. అవన్నీ భార్యకి చదివి వినిపించాడు. "నా మొహానికి ఇంత గిరాకీ ఉందని తెలిస్తే ఎప్పుడో చూపించేదాన్ని" అందావిడ. ఆ రోజుల్లోనే, మెట్లు ఎక్కుతుంటే కాళ్ళు లాగేస్తున్నాయని కూడా అంది. మెట్లు నిటారుగా ఉన్నాయన్నాడాయన.

తొమ్మిది నెలల తర్వాత కూతురు సెలవులకి ఇంటికొచ్చింది. చేతిలో పెట్టె ఇంకా కింద పెట్టలేదు, గుమ్మంలోనే ఆగిపోయి, "అమ్మా, నీ కళ్ళేంటి ఇలా ఉన్నాయి?" అంది. ఆ సాయంత్రమే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఏడెనిమిది నెలల ముందు వచ్చుంటే మందులతోనే నెట్టుకొచ్చేవాళ్ళమన్నాడు డాక్టరు. బయటికొచ్చాక కూతురు నడవలో బల్ల మీద కూర్చుని, "రోజూ చూస్తున్నావు కదా నాన్నా, నీకెలా కనబడలేదు?" అని అడిగింది. కోపంతో అడగలేదు, అర్థంకాక అడిగింది.

"రోజూ చూసేవాళ్ళకి తెలియదమ్మా. మెల్లగా వస్తుంది కదా."

కూతురు ఆ మాట నమ్మింది. నమ్మడమే కాదు, తల్లి పోయాక పలకరించడానికొచ్చిన వాళ్ళతో తనే చెప్పేది, రోజూ కళ్ళెదుట ఉన్న మనిషిలో మార్పు తెలియదండీ, పాపం నాన్న తప్పేం లేదు అని. అలా ఆ పిల్ల చెప్పిన ప్రతిసారీ ఆయన పక్కగదిలోకి వెళ్ళిపోయేవాడు. దుఃఖం ఆపుకోలేక వెళ్ళాడని అందరూ అనుకునేవాళ్ళు.

మంగళవారం కూతురు అడిగింది, ఫైలు దొరికిందా అని. లేదన్నాడు. ఫిర్యాదు పత్రంలో ఫొటో తీసిన తేదీ రాయాలంది. గుర్తులేదన్నాడు. "ఆ వెబ్‌సైటువాళ్ళు అసలు ఫైలు చూపించనిదే ఏదీ తీయరు నాన్నా, నీకు తెలియంది కాదుగా" అంది. తెలియకేం, ఆ సంగతి ఆ పిల్లకి నేర్పించింది ఆయనే.

బుధవారం మధ్యాహ్నం స్టూడియో తలుపు దగ్గరికి వేసుకుని ఆ ఫోల్డరు తెరిచాడు. వరసగా ఆవిడే ఉంది, రోజుకొకటి, అట్ట పట్టుకుని. ఒకదాంట్లో ఆవలిస్తోంది. ఒకదాంట్లో కెమెరా వెనక ఉన్న ఆయన్ని తిడుతోంది. ఒకదాని నుంచి ఇంకోదానికి పసుపు కొద్దికొద్దిగా చిక్కబడుతోంది. ఫైలు మీద మౌస్ పెట్టి, తుడిచెయ్యమన్న చోట వేలు ఆనించాడు. తుడిచేస్తే పోతుంది. డిస్కు పాడైందని చెప్పొచ్చు, పాత డిస్కులు పాడవుతూనే ఉంటాయి. కూతురు ఇంకో దారి వెతుక్కుంటుంది. ఆ దర్జీ ఆవిడ ఎవరో, ఏమిటో, ఆవిడ తంటా ఆవిడది.

అప్పుడే ఫోను మోగింది.

"నాన్నా," అంది కూతురు, "ఆవిడ మాత్రలు కూడా మానేసిందట. పొడి డబ్బా నిన్ననే చేరిందట. ఇప్పుడే ఫోన్ చేసి, మీ అమ్మగారు రోజుకి ఎన్ని చెంచాలు వాడేవారు అని అడుగుతోంది. నాకేం చెప్పాలో తెలియడం లేదు."

మాస్టారు వేలు తీసేశాడు.

"రేపు నేనే వస్తాను," అన్నాడు. "ఫైలు దొరికింది."

గురువారం పదిగంటలకి రక్తపరీక్షల కేంద్రానికి వెళ్ళాడు. చిన్న గది. చెయ్యి పెట్టుకోవడానికి చెక్క ఆసరా ఉన్న కుర్చీ, పళ్ళెంలో దూదీ రబ్బరు పట్టీ, రంగురంగుల మూతల గాజుగొట్టాలు. దర్జీ ఆవిడ అప్పటికే వచ్చి బల్ల మీద కూర్చునుంది. నలభై దాటుంటాయి. మెడలో కొలత టేపు తీయడం మరచిపోయి అలాగే వచ్చేసింది. మాస్టారు ఆవిడ కళ్ళకేసి చూశాడు. ఆ రంగు ఆయనకి బాగా తెలుసు.

"మీరేనా ఆ అమ్మగారి భర్త?" అందావిడ లేచి నిలబడి. "మీకెందుకు బాబూ ఈ శ్రమ? పోయినావిడ గురించి నేను అనుమానపడటం లేదు. ఈ ఫొటో నాటికి తగ్గింది కదా అంటున్నాను, అంతే."

మాస్టారు కవరులోంచి రెండు ఫొటోలు తీసిచ్చాడు. కంపెనీవాళ్ళు అతికించిన డబ్బా లేకుండా, అట్టతో ఉన్న అసలువి. ఆవిడ అవి అందుకుని, గదిలో ట్యూబులైటు కింద చూడకుండా నేరుగా గుమ్మంలోకి నడిచింది.

"బట్టకి దారం జత చూడాలంటే ఎండ వెలుగులోనే చూడాలి బాబూ. లోపల లైట్లు మోసం చేస్తాయి."

తండ్రీ కూతురూ ఆవిడ వెనకాలే వెళ్ళారు. ఆవిడ రెండు ఫొటోలనీ ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఈ మెడ దగ్గర కుట్టు ఊడి దారప్పోగు వేలాడుతోంది. రెండిట్లోనూ ఉంది, అదే వంకర. మూడు నెలలు తేడా అన్నారే? మూడు నెలలు ఉతికిన బట్టకి దారప్పోగు అలాగే ఉంటుందా?"

"అదేనండీ నేను మొత్తుకుంటున్నది," అంది కూతురు. "రెండూ ఒకటే ఫొటో. ఎడమదానికి వాళ్ళు పసుపు పూశారు."

దర్జీ ఆవిడ తల అడ్డంగా తిప్పింది. తన ఎడమచెయ్యి తెచ్చి ఫొటో పక్కన, ఎండలో పెట్టింది.

"పూసింది కాదమ్మాయ్. పూస్తే బట్టకీ అంటుతుంది, ఈ అట్టకీ అంటుతుంది. బట్ట తెల్లగానే ఉంది, అట్ట బూడిదలాగే ఉంది. ఇది ఒంట్లోంచి వచ్చిన రంగు. ఇదిగో, నాదీ ఇదేగా."

గజం బట్టా గుండీలూ తప్ప ఇంకేదీ చదవని మనిషి, ఆ అట్టని చూసిన మరుక్షణమే సరిగా చదివేసింది.

"మీరు చెప్పండి బాబూ. రెండిట్లో ఏది నిజం?"

కూతురు ఆయనకేసి తిరిగింది. వాళ్ళే పూశారని చెప్పు నాన్నా అన్నట్టుంది ఆ చూపు.

"ఎడమది," అన్నాడు మాస్టారు.

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"కుడిది నేను చేసింది. ఆ రోజు మధ్యాహ్నమే కూర్చుని కంప్యూటర్లో దిద్దాను. పొడీ లేదు, మందూ లేదు. మా ఆవిడ ఒక్క రోజు కూడా ఈ డబ్బా చూడలేదు. పసుపు ఫొటోలోంచి పోయింది గానీ ఒంట్లోంచి పోలేదు. మాత్రలు మానకండి తల్లీ. మీకు దండం పెడతాను."

"నాన్నా," అంది కూతురు. గొంతు చాలా మెల్లగా ఉంది. "ఎప్పుడు తీశావిది?"

చెప్పాడు. నెల, తేదీ, వారం కూడా చెప్పాడు. గుర్తులేదన్న తేదీ.

"నేను ఇంటికి రావడానికి తొమ్మిది నెలల ముందు."

"అవును."

"నీకు కనబడింది."

"కనబడిందమ్మా. లైటు తప్పనుకున్నాను. అట్ట తప్పనుకున్నాను. గోడకి సున్నం కూడా..."

కూతురు ఆయన్ని తిట్టలేదు. తిడితే బాగుండునని ఆయన అక్కడే నిలబడి ఎదురుచూశాడు. ఆ పిల్ల లోపలికి వెళ్ళి చేతులు కడుక్కుని, తొడుగులు వేసుకుని, రబ్బరు పట్టీ తీసుకుంది. దర్జీ ఆవిడ ఏమనుకుందో గానీ, మారుమాట్లాడకుండా వెళ్ళి కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది. కూతురు సూది గుచ్చింది. నరం దొరకలేదు. ఉద్యోగంలో చేరాక గురి తప్పడం అదే మొదటిసారి.

"క్షమించండి," అంది, కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే.

"పర్లేదు తల్లీ, ఇంకోసారి చూడు," అంటూ దర్జీ ఆవిడ రెండో చేత్తో ఆ పిల్ల వీపు నిమిరింది.

ఆ తర్వాత ఇంట్లో మాటలు లేవు. కూతురు వండేది, వడ్డించేది, పనికి వెళ్ళేది. ఫిర్యాదు మాత్రం పూర్తిచేసింది. ఒక సాయంత్రం మెట్ల మీంచే అడిగింది, "రెండు ఫొటోల్లో నీదేదని అడుగుతున్నారు. ఏం రాయను?" అని. "రెండూ నావేనమ్మా" అన్నాడు. అలాగే రాసింది. తొమ్మిదో రోజున ప్రకటన దిగిపోయింది. పదోరోజున ఇంకో పేరుతో, ఇంకో డబ్బాతో, ఇంకోచోట మొలిచింది. మాస్టారు మళ్ళీ సోమవారాలు మొదలుపెట్టాడు. ఇప్పుడు ఆయన వెతికేది ఒక్క ఫొటో కోసమే. తన పాత పాఠం కూడా తెరిచి, దాని పైన నాలుగు ముక్కలు రాశాడు: 'ఈ పసుపు లైటుది కాదు. నా భార్యది. ఆమె ఇప్పుడు లేదు. అట్ట సరిగా ఉంటే ముఖాన్ని నమ్మండి.'

నెల తిరిగేసరికి ఒక ఆదివారం, భోజనాలయ్యాక కూతురు చెయ్యి కడుక్కుంటూ అంది.

"దర్జీ ఆవిడ రిపోర్టు వచ్చింది. కాస్త తగ్గుతోంది."

"మంచిదమ్మా."

"నీ మీద నాకు కోపం పోలేదు. పోతుందో లేదో కూడా తెలియదు."

మాస్టారు తల ఊపాడు.

"ఆ గోడ మీద ఫొటో తీసెయ్. దాన్ని చూస్తుంటే ఒళ్ళు మండుతోంది. ఎడమది పెట్టు."

కిందికి వెళ్ళి ఫైలు తెరిచాడు. పాడు అలవాటు, చెయ్యి తనంతట తనే రంగులు దిద్దే చోటికి పోయింది. వెనక్కి లాక్కున్నాడు. ప్రింటింగుకి ఇస్తే యంత్రం కూడా వదల్లేదు, రంగులు సరిచేయమంటారా అని అడిగింది. వద్దని నొక్కాడు. కాగితం మెల్లగా బయటికొచ్చింది, ముందు జుట్టు, తర్వాత నుదురు, ఆ కళ్ళు, ఆ తర్వాత నవ్వు ఆపుకుంటున్న నోరు, చివరికి అట్ట. నన్నెప్పుడు మారుస్తారు అని అడిగిన రోజు ఫొటో అది. యంత్రం ముందు మోకాళ్ళ మీద కూలబడి, ఆవిడ పోయిననాడు కూడా ఏడవనంత ఏడ్చాడు.

పైకి తెచ్చేసరికి కూతురు పాత ఫొటోని ఫ్రేములోంచి తీసేసి సిద్ధంగా ఉంచింది. కొత్తదాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది.

"సెలవులకొచ్చి గుమ్మంలో చూసినప్పుడు అమ్మ ఇలాగే ఉంది," అంది.

మాస్టారు స్టూలు ఎక్కి మేకుకి తగిలించాడు. కళ్ళనిండా నీళ్ళుండటంతో సరిగా ఉందో లేదో తెలియడం లేదు. వెనక నుంచి కూతురు గొంతు వినిపించింది.

"ఎడమపక్క కాస్తెత్తు నాన్నా."

ఎత్తాడు.

"చాలా?"

"ఇంకాస్త," అంది కూతురు.